ఒకే కోడి, రెండు రకాల మాంసం: గ్రిల్ మీద టర్కీ ఎందుకు చిక్కు పెడుతుంది

టర్కీ కోడిని వండుకునే థాంక్స్‌గివింగ్ పండుగ దగ్గర పడేకొద్దీ అమెరికాలోని తెలుగు వాట్సాప్ గ్రూపుల్లో ఒక ప్రశ్న తప్పకుండా వస్తుంది: "14 పౌండ్ల టర్కీకి గ్రిల్ మీద ఎన్ని గంటలు పడుతుందండీ?" ఒకాయన రెండు గంటలు చాలంటారు, ఇంకొకావిడ ఏడు గంటలు పట్టిందంటారు. ఇద్దరూ నిజమే చెబుతుంటారు. ఆయన కోడిని చీల్చి పరిచి 350 డిగ్రీల ఫారెన్‌హీట్ దగ్గర వండి ఉంటారు, ఆవిడ మొత్తం కోడిని 225 దగ్గర, పొగలో వండే స్మోకర్ అనే పొయ్యిలో పెట్టి ఉంటారు. అందుకే గంటల లెక్క అడిగితే పనికొచ్చే జవాబు రాదు. కోడిలో ఏ భాగం ఎంత వేడికి చేరాలి, అన్ని భాగాలూ ఒకేసారి అక్కడికి ఎలా చేరాలి అని అడగాలి. బయట వండేటప్పుడు చేసే పనుల్లో చాలావరకు ఈ రెండో ప్రశ్న చుట్టూనే తిరుగుతాయి.

ఇంట్లో ఓవెన్ ఉండగా ఈ తిప్పలన్నీ ఎందుకంటే, మొదటి కారణం చాలా మామూలుది. ఓవెన్ ఒక్కటే ఉంటుంది. నవంబరు నాలుగో గురువారం మధ్యాహ్నం అందులోకి పై అనే తీపి వంటకం వెళ్లాలి, గ్రీన్ బీన్స్ క్యాసరోల్ వెళ్లాలి, చిలగడదుంపలు వెళ్లాలి. టర్కీ లోపల తిష్ఠ వేస్తే మిగతావన్నీ క్యూలో నిలబడాలి. దాన్ని పెరట్లోకి పంపేస్తే వంటింట్లో సగం టెన్షన్ తగ్గిపోతుంది. రెండో కారణం పొగ. ఎంత ఖరీదైన ఓవెన్ కొన్నా ఆ రుచి రాదు.

ఇక చిక్కు సంగతి. టర్కీ ప్రధానంగా నేల మీద తిరిగే పక్షి. కాళ్లకి రోజంతా పనే. అందుకే తొడల్లో మయోగ్లోబిన్ అనే ఎర్రటి ప్రొటీన్ ఎక్కువ, కొవ్వు ఎక్కువ, కండల్ని పట్టి ఉంచే కొలాజెన్ కూడా ఎక్కువ. ఆ కొలాజెన్ కరిగి జెలటిన్‌గా మారితేనే తొడ మాంసం మెత్తబడుతుంది. అందుకు 175, 180 డిగ్రీల దాకా వేడెక్కాలి. రొమ్ము కథ వేరు. అడవి టర్కీ అవసరమైతే కాస్త దూరం ఎగురుతుంది కానీ, ఫారాల్లో పెంచే తెల్ల టర్కీకి దాని రొమ్ము బరువే అడ్డం. పనిలేని కండ కాబట్టి కొవ్వూ లేదు, కొలాజెనూ పెద్దగా లేదు. 150 దాటిన దగ్గర్నుంచీ నీరు వదులుతూ పోతుంది. 165 దాటాక ప్రతి అయిదు డిగ్రీలకీ తేడా నాలుకకి తెలుస్తుంది. 180 దాకా పోయిన రొమ్ము ముక్క నోట్లో పెట్టుకున్నవాళ్లు మాట్లాడకుండా గ్రేవీ గిన్నె వైపు చెయ్యి చాపుతారు.

అంటే ఒక భాగానికి 160, 165 చాలు, ఇంకో భాగానికి 175 పైన కావాలి. పోనీ ఆకారమైనా సహకరిస్తుందా అంటే అదీ లేదు. తక్కువ వేడి కావాల్సిన రొమ్ము ఎత్తుగా పైకి పొడుచుకుని ఉంటుంది. ఎక్కువ వేడి కావాల్సిన తొడలు కింద ఒంటికి అతుక్కుని దాక్కుంటాయి. మూత వేసిన గ్రిల్‌లో వేడిగాలి పైకి చేరి ముందు రొమ్మునే తాకుతుంది. తొడలు సిద్ధమయ్యేసరికి రొమ్ము పీచుపీచుగా తయారవుతుంది.

మనవాళ్లు ఇక్కడ ఇంకో పొరపాటు చేస్తారు. ముదురు నాటుకోడి కూర వండిన అనుభవంతో "ఇంకో గంట ఉండనీ, మెత్తబడుతుంది" అంటారు. నాటుకోడి గంటల తరబడి ఉడికి మెత్తబడేది అది కొలాజెన్ నిండిన ముదురు కండ కాబట్టి, పైగా పులుసులో ఉడుకుతుంది కాబట్టి. ఆ ఇంకో గంట టర్కీ తొడకి మేలే చేస్తుంది, రొమ్ముకి మాత్రం కీడు.

225 అనే మంత్రం

స్మోకర్ కొన్న ప్రతివారూ మొదట నేర్చుకునే అంకె 225 డిగ్రీలు. సన్న సెగ మీద, తొందరపడకుండా, పొగలో వండటం. టెక్సాస్‌లో బ్రిస్కెట్ అనే బీఫ్ ముక్కని అలాగే వండుతారు. అది కొలాజెన్‌తో బిగిసి ఉండే కండ. లోపల 195, 205 మధ్యకి చేరేదాకా పది పన్నెండు గంటలు ఓపిక పడితేనే దారికొస్తుంది. ఆ సూత్రాన్ని తెచ్చి టర్కీకి అంటగట్టడం నాకు ఎప్పుడూ అర్థం కాదు. కరగాల్సిన కొలాజెన్ రొమ్ములో లేనప్పుడు ఆ ఓపిక ఎవరి కోసం?

నష్టం రొమ్ముతో ఆగదు. తోలు కరకరలాడాలంటే దాని కింద ఉన్న కొవ్వు కరిగి బయటికి రావాలి, తడి పూర్తిగా ఆవిరైపోవాలి, ఆ తర్వాత పైభాగం ఎర్రగా కాలాలి. 225 దగ్గర ఈ మూడూ అరకొరగానే జరుగుతాయి. చూడటానికి నున్నగా, ముదురు గోధుమ రంగులో ఫొటోకి బాగుంటుంది. కొరికితే సాగుతుంది. తినేవాళ్లు తోలు ఒలిచి పళ్లెం అంచున పెట్టేస్తారు, దాంతోపాటు పొగా, మసాలా, ఉప్పూ అన్నీ పోతాయి.

భద్రత లెక్క కూడా ఉంది. 40 నుంచి 140 డిగ్రీల ఫారెన్‌హీట్ మధ్య, అంటే మన లెక్కలో 4 నుంచి 60 సెల్సియస్ మధ్య, బ్యాక్టీరియా వేగంగా పెరుగుతుంది. మాంసం ఆ మెట్టు త్వరగా దాటాలి. స్మోకర్ వేడి 225కీ 300కీ మధ్య ఉండాలని అమెరికా వ్యవసాయ శాఖ చెబుతుంది. చిన్న కోడైతే 225 దగ్గరా గట్టెక్కుతుంది కానీ, 22 పౌండ్ల కోడి లోపలి భాగం గంటల కొద్దీ గోరువెచ్చగానే ఉండిపోతుంది. కడుపులో స్టఫింగ్ కూరితే మరీ ఆలస్యం, కాబట్టి స్మోకర్‌లో ఆ ఆలోచనే వద్దు. పాతికమంది వస్తున్నారంటే ఒక్క పెద్ద కోడి కాకుండా 12 పౌండ్లవి రెండు తెచ్చుకోవడం అన్ని విధాలా సుఖం. నాలుగు తొడల బదులు రెండే వచ్చాయని పిల్లలు కొట్టుకోరు కూడా. గ్రిల్ 325, 350 మధ్య పట్టగలిగితే నా ఓటు దానికే. పొగ ఆ వేడిలోనూ పడుతుంది.

165 అనే అంకెకి అర్థం ఏమిటి

టర్కీ లోపల 165 డిగ్రీలు, అంటే 74 సెల్సియస్, చేరాలని వ్యవసాయ శాఖ నియమం. ఆ వేడికి చేరిన క్షణంలోనే సాల్మొనెల్లా అనే క్రిమి చచ్చిపోతుంది. ఇంకాసేపు ఉంచాలా అని గడియారం చూడక్కర్లేదు. నిజానికి క్రిములు చావడమన్నది వేడి, కాలం రెండూ కలిసిన లెక్క. 150 దగ్గర కొన్ని నిమిషాలు నిలబెట్టినా అదే ఫలితం వస్తుంది, మాంసం ఫ్యాక్టరీల కోసం ఆ శాఖే ఇచ్చిన పట్టికల్లో ఈ లెక్కలున్నాయి. ఇంట్లో దీన్ని వాడుకునే సులువైన దారి ఒకటుంది. రొమ్ము మధ్యలో 158, 160 చూపించగానే దించేసి, బల్ల మీద ఇరవై ముప్ఫై నిమిషాలు వదిలేయాలి. బయటి పొరల్లోని వేడి లోపలికి నడుస్తుంది, అంకె ఇంకో అయిదు డిగ్రీల దాకా ఎక్కుతుంది. ఇంట్లో పెద్దవాళ్లు, గర్భిణులు, చిన్నపిల్లలు ఉంటే ఆ అంకె 165 తాకడం కళ్లారా చూశాకే కొయ్యండి.

ఇదంతా థర్మామీటర్ ఉంటేనే. రొమ్ములో దళసరిగా ఉన్న చోట పక్క నుంచి గుచ్చాలి. తొడలో లోపలి వైపు గుచ్చాలి. మొన ఎముకకి తగిలితే అంకె తప్పుతుంది, అందుకే రెండు మూడు చోట్ల చూసి అన్నిటికంటే తక్కువ వచ్చిన దాన్నే నమ్మాలి. కొన్ని టర్కీలకి ఫ్యాక్టరీలోనే గుచ్చి ఇచ్చే చిన్న ప్లాస్టిక్ గుబ్బ ఉంటుంది, ఉడికిందని పైకి లేస్తుంది. అది చాలాసార్లు రొమ్ము ఎండిపోయాక లేస్తుంది. గ్రిల్ మూత మీద ఉండే ముల్లునీ నమ్మొద్దు. అది చెప్పేది మూత కింది గాలి వేడి, కోడి ఉన్నచోటి వేడి కాదు. రెంటికీ పాతిక డిగ్రీలు అంతకంటే ఎక్కువే తేడా ఉండొచ్చు.

బల్లపరుపుగా పరిస్తే

ఆకారమే అసలు చిక్కయితే ఆకారాన్నే మార్చేయొచ్చు. వెన్నెముక తీసేసి కోడిని బల్లపరుపుగా పరిచే ఈ పద్ధతిని అక్కడ స్పాచ్‌కాక్ అంటారు. కోడిని బోర్లా పెట్టి, గట్టి కిచెన్ కత్తెరతో తోక దగ్గర మొదలుపెట్టి వెన్నెముక పక్కనే కోసుకుంటూ మెడ దాకా వెళ్లాలి. తర్వాత రెండో పక్క. తొడ కీలు దగ్గర కత్తెర మొరాయిస్తుంది. అక్కడ బలం చూపించకుండా అర అంగుళం పక్కకి జరిపితే దారి దొరుకుతుంది. వెన్నెముక ఊడొచ్చాక కోడిని వెల్లకిలా తిప్పి, రెండు అరచేతులూ రొమ్మెముక మీద ఆనించి ఒంటి బరువంతా వేసి నొక్కాలి. ఫట్‌మని చప్పుడు వినిపిస్తుంది. కోడి అణిగి కూర్చుంటుంది.

ఇప్పుడు చూడండి. తొడలు దాక్కోవడం మానేసి పక్కలకి బయటపడ్డాయి. రొమ్ము ఎత్తు తగ్గింది. తోలంతా పైకే ఉంది కాబట్టి అంతా ఒకేలా కాలుతుంది. కాళ్లని నిప్పుల వైపు, రొమ్ముని దూరంగా పెడితే ఇరవై డిగ్రీల తేడా దానంతట అదే వస్తుంది. 12, 14 పౌండ్ల కోడి 350 దగ్గర దాదాపు గంటన్నర నుంచి రెండు గంటల్లో దిగుతుంది. తీసిన వెన్నెముకతో గ్రేవీకి చారు మరుగుతుంది. పోయేదల్లా ఒకటే: నిండు కోడిని పళ్లెంలో పెట్టి బల్ల మధ్యకి తెచ్చే ముచ్చట. అది వదులుకోలేనివాళ్లు కాళ్లని వేడి వైపు తిప్పి, వండే ముందు రొమ్ము మీద అరగంట ఐసు సంచి పెట్టి చూడొచ్చు, కొంత ఉపయోగం ఉంటుంది. ఫొటో కోసం ఆ శ్రమ దండగని నేనంటాను.

ఉప్పు ముందు, మసాలా తర్వాత

మసాలాలో ఉన్నవాటిలో కండ లోపలికి బాగా వెళ్లేది ఉప్పొక్కటే. కారం, అల్లం వెల్లుల్లి, గరం మసాలా రాత్రంతా నానబెట్టినా పైపైనే ఉంటాయి. ఉప్పు కండలోని ప్రొటీన్లని కొంత కరిగించి వాటి పట్టు సడలిస్తుంది, అందువల్ల వేడి తగిలినప్పుడు అవి అంత గట్టిగా ముడుచుకోవు, నీరు తక్కువ పోతుంది. బకెట్‌లో ఉప్పునీళ్లు పోసి ముంచే పద్ధతి ఉంది కానీ, తోలు తడిసి ముద్దవుతుంది, ఫ్రిజ్‌లో అంత చోటూ ఉండదు. పొడి ఉప్పే మేలు. కిలో బరువుకి సుమారు 10 గ్రాముల చొప్పున, 14 పౌండ్ల కోడికి 60 గ్రాములు, తోలు మీదా, వీలైనంత వరకు తోలు కిందా రాసి, మూత పెట్టకుండా ఫ్రిజ్ కింది అరలో ఒకటి రెండు రోజులు వదిలేయాలి. తోలు ఆరిపోయి కాగితంలా అవుతుంది, కరకరలాడేది దానివల్లే. చెంచాలతో కొలవకుండా తూకం వేయడం మంచిది. కోషర్ సాల్ట్ పలుకులు పెద్దవి కాబట్టి చెంచాలో తక్కువ బరువు పడుతుంది, మామూలు సన్న ఉప్పు దాదాపు రెట్టింపు తూగుతుంది.

అంతకన్నా ముందు ప్యాకెట్ మీద చిన్న అక్షరాలు చదవాలి. చాలా ఫ్రోజెన్ టర్కీల్లోకి ఫ్యాక్టరీలోనే ఉప్పునీళ్లు ఎక్కిస్తారు. ఇంతశాతం ద్రావణం కలిపామని రాసి ఉంటే ఉప్పు బాగా తగ్గించాలి, లేదా మానేయాలి.

పెరుగు కలిపిన తందూరీ మసాలా పట్టిస్తానంటారా, బాగానే ఉంటుంది. కాకపోతే పెరుగులోని పాలచక్కెర త్వరగా మాడుతుంది, తోలూ కరకరలాడదు. ఆ రుచి కావాలంటే ఉప్పు ముందే రాసి, వండే రోజు కారం, ధనియాల పొడి, మిరియాలు నెయ్యిలో కలిపి తోలు కింద పూయడం మధ్యేమార్గం. ఇంకొకటి, కోడిని పసుపేసి కడిగే అలవాటు. అమెరికా ఆరోగ్య సంస్థలు అసలు కడగొద్దంటాయి. కడిగితే క్రిములు పోవు, నీటి తుంపర్లతో సింకు నిండా, పక్కనున్న సలాడ్ గిన్నె దాకా చేరతాయి. వేడి వాటి పని చూసుకుంటుంది. కాగితంతో తుడిస్తే చాలు. మెడ, గుండె, కార్జం ఉన్న సంచి కోడి లోపల ఉంటుంది, దాన్ని మాత్రం తీయడం మర్చిపోవద్దు.

కరిగించడానికి ఫ్రిజ్‌లో ప్రతి నాలుగైదు పౌండ్లకి ఒక రోజు పడుతుంది. అంటే గురువారం వంటకి ఆ ముందు శనివారమో ఆదివారమో ఫ్రీజర్ నుంచి దించాలి. బుధవారం సాయంత్రం గుర్తొస్తే చల్లటి నీళ్లలో ముంచి పౌండుకి అరగంట చొప్పున, ప్రతి అరగంటకీ నీళ్లు మారుస్తూ కూర్చోవాలి. కౌంటర్ మీద రాత్రంతా వదిలేయడం ప్రమాదం.

నిప్పు, పొగ, గాలి

1952లో చికాగో దగ్గర వెబర్ బ్రదర్స్ అనే లోహపు వస్తువుల కంపెనీలో జార్జ్ స్టీఫెన్ అనే ఉద్యోగి ఉండేవాడు. నీళ్ల మీద తేలే బోయాలు తయారుచేసే చోట, ఆ గుండ్రటి లోహపు గుల్లని రెండుగా చేసి కింది సగాన్ని కుంపటిగా, పై సగాన్ని మూతగా మార్చాడు. ఇవాళ్టి కెటిల్ గ్రిల్ అదే. మూతా, గాలి రంధ్రాలూ వచ్చాక గ్రిల్ బయట పెట్టిన ఓవెన్ అయింది. అందుకే టర్కీని ఎప్పుడూ నిప్పుల మీద నేరుగా పెట్టరు. బొగ్గుల్ని రెండు పక్కలకో, ఒక పక్కకో పేర్చి, ఖాళీ భాగంలో పళ్లెం పెట్టి, దాని పైన కోడిని ఉంచుతారు. పళ్లెంలో కాసిన్ని నీళ్లు, ఉల్లిపాయలు, క్యారెట్ వేస్తే కారే కొవ్వు నిప్పులో పడి మంట లేవదు, చివర్లో గ్రేవీ కూడా అక్కడే సగం తయారై ఉంటుంది. వేడిని కింది రంధ్రాలతో అదుపు చేయాలి, పైది తెరిచే ఉంచాలి. గ్యాస్ గ్రిల్ అయితే ఒక పక్క బర్నర్లు వెలిగించి రెండో పక్క కోడిని పెట్టడమే. కట్టెపొట్టు గుళికలతో నడిచే పెల్లెట్ గ్రిల్‌లో ఇదంతా మెషీనే చూసుకుంటుంది, పొగ మాత్రం కాస్త నీరసంగా ఉంటుంది.

పొగలో ఘాటైన వాసననిచ్చేది ఎక్కువగా కట్టెలోని లిగ్నిన్. అది కాలి విడిపోయినప్పుడు గ్వయకాల్, సిరింగాల్ అనే పదార్థాలు పుడతాయి. గాలి చాలక కట్టె కుములుతుంటే దట్టమైన తెల్లపొగ వస్తుంది, దానితో కోడి చేదెక్కుతుంది. పలచగా, నీలిరంగు ఛాయలో, దాదాపు కనపడని పొగే మంచిది. తెల్లపొగ తగ్గేదాకా కోడిని లోపల పెట్టకుండా ఆగడమే ఇందులో ఉన్న నైపుణ్యం. టర్కీ పొగని త్వరగా పట్టుకుంటుంది, పిడికెడంత కట్టె ముక్కలు రెండు మూడు చాలు. తోలు చల్లగా, కాస్త తేమగా ఉన్న మొదటి గంటలోనే ఎక్కువ పడుతుంది. ఆపిల్, చెర్రీ, పెకాన్ కట్టెలు నెమ్మదైనవి. హికరీ కాస్త ఘాటు. మెస్కీట్ ఘాటుకి టర్కీ తట్టుకోలేదు. మన ఊళ్లలో గట్ల వెంట, చెరువుల చుట్టూ అల్లుకుపోయిన సర్కారు తుమ్మ ఈ మెస్కీట్‌కి దగ్గరి చుట్టమే, అదీ అమెరికా ఖండాల నుంచి వచ్చిందే. కట్టె ముక్కల్ని నీళ్లలో నానబెట్టే అలవాటు మాత్రం దండగ. ఆ నీరు ఆవిరయ్యేదాకా కట్టె కాలదు, అంతే.

పొగ పట్టిన టర్కీని కోసినప్పుడు తోలు కింద గులాబీ రంగు అంచు కనిపిస్తుంది. బల్ల చుట్టూ వెంటనే గుసగుసలు మొదలవుతాయి, పచ్చిగా ఉందేమోనని. నిప్పు నుంచి వచ్చే నైట్రిక్ ఆక్సైడ్, కార్బన్ మోనాక్సైడ్ వాయువులు మయోగ్లోబిన్‌తో కలిసి ఆ రంగుని స్థిరం చేస్తాయి. లేత కోళ్లలో ఎముక పక్కన కూడా రంగు ఎర్రగా ఉండొచ్చు. థర్మామీటర్ 165 చూపించాక రంగు చూసి కంగారుపడి మళ్లీ ఓవెన్‌లోకి తోయక్కర్లేదు.

నవంబరు చివర్లో మిన్నెసోటాలోనో, మిషిగన్‌లోనో ఉంటే చలి కంటే గాలి ఎక్కువ ఇబ్బంది పెడుతుంది. గ్రిల్‌ని గోడ చాటుకి, అయితే గోడకి తగినంత దూరంగా పెట్టి, బొగ్గులు కాసిని ఎక్కువ సిద్ధం చేసుకోవాలి. మూత తీసిన ప్రతిసారీ వేడి పోతుంది, కాబట్టి కోడిని చూడాలన్న ఆత్రం అణుచుకోవాలి. చలిగా ఉందని బొగ్గుల గ్రిల్‌ని గరాజ్‌లోకి లాగడం ప్రాణాంతకం. తలుపు తీసి ఉన్నా కార్బన్ మోనాక్సైడ్ పేరుకుంటుంది, దానికి వాసన కూడా ఉండదు. అపార్ట్‌మెంట్ బాల్కనీల్లో గ్రిల్ వాడటాన్ని చాలా చోట్ల ఫైర్ కోడ్ ఒప్పుకోదు, లీజు ఒకసారి చదువుకోవాలి. నూనెలో ముంచి వేయించే పద్ధతి గురించి ఒక్క మాట: సగం కరిగిన కోడిలోని ఐసు కాగిన నూనెలో క్షణాల్లో ఆవిరై పొంగుతుంది, నూనె పొర్లి మంటలో పడుతుంది. అగ్నిమాపక శాఖలు ఏటా దీని గురించే హెచ్చరిస్తాయి.

కోడి దిగాక ఫాయిల్‌తో బిగించి కప్పొద్దు, ఆవిరికి తోలు మెత్తబడిపోతుంది. కోసేటప్పుడు రొమ్ముని మొత్తంగా ఎముక నుంచి విడదీసి, అడ్డంగా ముక్కలు చేస్తే ప్రతి ముక్కకీ కొంచెం తోలు వస్తుంది. పక్కన క్రాన్‌బెర్రీ సాస్ ఉండాలన్నది అక్కడి ఆచారం. మనవాళ్లు ఆ పళ్లతో ఆవకారం, మెంతిపిండి వేసి పచ్చడి పెట్టుకుంటారు, ఆ పులుపు పొగ వాసనకి సాస్ కంటే బాగా నప్పుతుంది. మిగిలిన మాంసం రెండు గంటల్లోపు ఫ్రిజ్‌లోకి వెళ్లాలి, మూడు నాలుగు రోజుల్లో అయిపోవాలి. ఎముకల్ని మరిగించిన చారులో పొగ వాసన గట్టిగా ఉంటుంది, పులావుకి పోసేటప్పుడు సగానికి సగం మామూలు నీళ్లు కలుపుకోవాలి.